కింది పోర్షన్‌కు లేని ఇన్సూరెన్స్

నా ఉద్యోగమే చదవడం. నాచారం పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీలో ఇరవై ఏళ్ళకు పైగా లేబుళ్ళు చదువుతున్నాను. మందు పేరు, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, గడువు తేదీ. ఒక్క అంకె తేడా వచ్చినా లాట్ మొత్తం వెనక్కి పంపిస్తాను. ప్యాకింగ్ వాళ్ళు మొహం మాడ్చుకుంటారు. మాడ్చుకోనీ, నాకేం. అందుకని, పాపం ఇన్సూరెన్స్ ఫారం చదవకుండా సంతకం పెట్టి ఉంటుందిలే అని ఎవరైనా నా తరఫున సర్దిచెప్పబోతే నేను ఒప్పుకోను. చదివాను. రెండుసార్లు చదివాను. రెండోసారి కళ్ళజోడు తుడుచుకుని మరీ చదివాను.

మా ఇల్లు నాచారంలో, మల్లాపూర్ వైపు పోయే దారిలో ఒక సందులో ఉంది. ఒక ఆటో లోపలికి వస్తే ఎదురుగా వచ్చే బండి వెనక్కి పోవాల్సిందే. పైన మేముంటాం, నేనూ మా ఆయనా. ఆయన ఉప్పల్ బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. కింద రెండు పోర్షన్లు కిరాయికిచ్చాం. వెనక చిన్న పోర్షన్‌లో ఫ్యాక్టరీకి పోయే భార్యాభర్తలు. ముందు పోర్షన్‌లో ఆరేళ్ళుగా ఒకే కుటుంబం. జనగామ వైపు నుంచి వచ్చినవాళ్ళు. అతను ఉప్పల్ మార్కెట్‌కు ట్రాలీ ఆటో నడుపుతాడు. కూతురు రామంతాపూర్‌లో డిగ్రీ చదువుతోంది. ఆ ఇంటిని నిజంగా నడిపేది మాత్రం అతని భార్య కుట్టు మిషన్లే.

మూడు మిషన్లు, మూడింటికీ మోటార్లు. పగలు ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి కుట్టేవారు. ఎండాకాలమంతా బడి యూనిఫారాలు. మిగతా రోజుల్లో బైబిలుకు జిప్పు కవర్లు. నల్ల రెగ్జిన్ కవరు, లోపల ఒక జేబు, పెన్ను దూర్చుకోవడానికి ఒక పట్టీ. మా చర్చిలో సగం మంది చేతుల్లో ఉన్నవి ఆమె కుట్టినవే. నాకూ ఒకటి కుట్టిచ్చింది. డబ్బులిస్తే తీసుకోలేదు. "అక్కకు కుట్టిచ్చి పైసలు దీస్కుంటరా ఎవలన్న" అంది. నేనూ పెద్దగా బలవంతం చేయలేదు, ఎందుకంటే డబ్బులు తీసుకోరని తెలిసినప్పుడు ఇవ్వబోవడంలో నాకు మంచి అలవాటుంది.

ఇన్సూరెన్స్ ఆలోచన ఎలా వచ్చిందంటే, పై అంతస్తు కట్టడానికి తీసుకున్న లోను తీరిపోయింది. దాంతోపాటే బ్యాంకు వాళ్ళు చేయించిన పాలసీ కూడా అయిపోయింది. అదే వానాకాలంలో మా కంపెనీలో నా పక్కన కూర్చునే ఆవిడ ఇంట్లోకి నీళ్ళొచ్చి గోడ ఒకటి పడిపోయింది. కిరాయికిచ్చిన ఇల్లు. పాలసీ లేదు. ఆమె లంచ్ టైములో అన్నం కలిపి తినకుండా కూర్చోవడం రోజూ చూసేదాన్ని. అప్పుడు నాకు పట్టుకుంది. మన ఇంటికి మంచి పాలసీ చూసి చేయించాలి, అదీ ఊరికే కాదు, నాలుగూ పోల్చి.

ఒక నోటుబుక్కు పెట్టాను. ఫోన్‌లో చూసినవి ఒక పేజీలో, ఉప్పల్‌లో ఒక ఆఫీసుకు పోయి అడిగినవి ఒక పేజీలో, మా ఆయన స్నేహితుడు చెప్పినవి ఒక పేజీలో రాసుకున్నాను. బండి దగ్గర వంకాయలు ఏరినట్టు ఏరాను. ఆ వారం రోజులూ నాకు చాలా సంతోషంగా గడిచాయని చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఎన్ని కొత్త సంగతులు తెలిశాయో. స్థలం ధర లెక్కలోకి రాదట, ఇల్లు మళ్ళీ కట్టడానికి ఎంతవుతుందో అంతకే చేయించాలట. మంట, వరద, తుఫాను, అన్నీ విడివిడిగా చూసుకోవాలట. ఇల్లు పాడై కిరాయిదారు ఉండలేకపోతే, ఆగిపోయిన కిరాయి కూడా ఇచ్చే ఏర్పాటు ఉందట. అది విన్నప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. కిరాయికి కూడా ఇన్సూరెన్స్ ఉందని మా ఆయనకు మూడుసార్లు చెప్పాను. ఆయన మూడుసార్లూ ఊఁ అన్నాడు.

చివరికి ఆ స్నేహితుడి దగ్గరే చేయిద్దామనుకున్నాం. ఆయనా డిపో మనిషే. రిటైరయ్యాక ఏజెంటు అయ్యాడు. ఉప్పల్ చౌరస్తాలో మెట్రో మెట్ల పక్కన ఒక చాయ్ హోటలే ఆయన ఆఫీసు. గుడ్డ సంచిలోంచి ఫారం తీసి, బల్ల మీద చాయ్ మరకలు తుడిచి, నా ముందు పెట్టాడు. నేను ఒక్కొక్కటీ నింపుకుంటూ పోయాను. కట్టి ఎన్నేళ్ళయింది, గోడలు దేనివి, పైకప్పు దేనిది. తర్వాత ఆ ప్రశ్న వచ్చింది. ఇంట్లో ఏ భాగంలోనైనా వ్యాపారం గానీ, తయారీ పని గానీ జరుగుతోందా?

మా సందు గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా సందులో పిండిమిల్లు లేదు, బ్యూటీపార్లర్ లేదు, పచ్చళ్ళ వ్యాపారం లేదు. కాగితాల మీద. ఆవకాయ ఘాటు మాత్రం మేడమీద దాకా వస్తుంటుంది. ఓనర్లందరికీ ఒకటే భయం. వ్యాపారమని ఒక్క కాగితం మీద పడిందా, కరెంటు మీటరు మార్చమంటారు, బిల్లు కమర్షియల్ అవుతుంది, ఇంటి పన్ను పెరుగుతుంది. అందుకని ఎవరు అడిగినా అందరం ఒకటే మాట చెబుతాం, ఇంట్లో వాళ్ళు వాడుకోవడానికే అని. మూడు మోటార్ల మిషన్లయినా సరే.

నేను పెన్ను ఆపడం ఆయన చూశాడు. కింద కుట్టు పని జరుగుతుందని ఆయనకు తెలుసు, ఆయన మనవరాలి యూనిఫారం అక్కడే కుట్టించాడు. రాస్తే కట్టాల్సింది కొంత పెరుగుతుందని, ఫారం కూడా వేరే ఉంటుందని చెప్పాడు. కానీ రాయమనే చెప్పాడు.

"చెల్లె, ఉన్నది ఉన్నట్టు రాయి. ఇప్పుడు నాలుగు పైసలు మిగుల్తయి గని, రేపు ఏమన్న అయితె వాళ్ళు మొదలు పట్టుకునేది గీడనే."

ఇంట్లో వాడుకునే మిషన్లే కదా అన్నాను. ఆయన నాతో వాదించలేదు. సంచిలోంచి ఇంకో కాగితం తీశాడు, పసుపు రంగు పాంప్లెట్. చిన్న దుకాణాలకు చేసే పాలసీ అది. మిషన్లు, బట్ట, తెచ్చుకున్న సామాను అన్నీ అందులో వస్తాయట. ఇంటి పాలసీ గోడలకూ కప్పుకూ, మహా అయితే పైన ఉన్న మా సామానుకూ వర్తిస్తుందిగానీ కిరాయిదారు సామానుకు ఒక్క రూపాయి కూడా రాదని వివరంగా చెప్పాడు. ఈ పాంప్లెట్ ఆమెకు ఇమ్మన్నాడు. ఏడాదికి కట్టాల్సింది పెద్దగా ఏమీ లేదని, ఆమె సరేనంటే తనే ఇంటికొచ్చి చేసి పెడతానన్నాడు.

నేను పాంప్లెట్ తీసుకున్నాను. ఫారంలో ఆ ప్రశ్న పక్కన 'లేదు' దగ్గర టిక్కు పెట్టాను. 

పాంప్లెట్‌ను ఆ ఆదివారం ఆమెకు ఇద్దామని నా బైబిలు కవరు జేబులో పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే ఆలోచన మారింది. ఆమె ఆ పాలసీ చేయించుకుంటే ఏమవుతుంది? మా ఇంటి నంబరు మీద కుట్టు వ్యాపారం ఉందని ఒక ఆఫీసులో కాగితం పుడుతుంది. అదే ఇంటి నంబరు మీద వ్యాపారం లేదని నేను సంతకం పెట్టిన కాగితం ఇంకోచోట ఉంటుంది. బ్యాచ్ నంబర్లు కలవని లాటు గురించి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇవ్వలేదు. పారేయడానికి చేతులు రాలేదు. జేబు జిప్పు వేసేశాను.

ఇదొక్కటే అయితే దాచాను అని ఊరుకోవచ్చు. ఆ సెప్టెంబరులో కిరాయి పెంచాం. ఏటా పెంచేదే, ఆ ఏడు కొంచెం ఎక్కువ పెంచాను. ఆమె మెట్లెక్కి వచ్చి, కూతురి ఫీజు కట్టాలి, ఈ ఒక్క ఏడు ఆగమని బతిమాలింది. పొయ్యి మీద కుక్కరుంది. నాకు డ్యూటీకి టైమవుతోంది. ఊరికే పెంచుతున్నానా, ఇంటికి ఇన్సూరెన్స్ కూడా చేయించాను, అందరి మంచికే కదా అన్నాను. ఆమె మొహంలో మార్పు వచ్చింది. ఒకింత మర్యాదగా, ఒకింత ఆశగా అడిగింది.

"మా మిషన్లు గూడ దాంట్ల వస్తయా అక్కా?"

"అన్నీ వస్తయి తియ్యి" అన్నాను.

ఆ మాట అనడానికి ఎంత సేపు పట్టింది? కుక్కరు ఒక కూత కూసేంత సేపు. ఆమె ఇంకేం అడగలేదు. పెంచిన కిరాయికి ఒప్పుకుని దిగిపోయింది. తర్వాత కుట్టడానికి వచ్చే ఆడవాళ్ళకు ఆమె చెబుతుంటే మెట్ల మీద నుంచి విన్నాను, మా ఓనరమ్మ అసొంటిది ఎవరికీ దొరకదని, ఇల్లుకు ఇన్సూరెన్స్ చేయించి మా సామాను కూడా కలిపిందని. దిగి వెళ్ళి అది నిజం కాదని చెప్పొచ్చు. చెప్పులేసుకుని డ్యూటీకి పోయాను.

ఇంకో సంగతి. స్విచ్‌బోర్డు వేడెక్కుతోందని ఆమె రెండుసార్లు చెప్పింది. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే మూడు మోటార్లకు వేరే లైను వేయాలంటాడు, వేరే లైనంటే మీటరు దగ్గరికొస్తుంది వ్యవహారం. ఇస్త్రీ పెట్టె పెట్టినప్పుడు ఫ్యాను ఆపుకోమన్నాను.

తర్వాతి మే నెలలో, ఒక ఆదివారం ఆ బోర్డు అంటుకుంది. అందరం చర్చిలో ఉన్నాం. ఆమె నాకు రెండు వరసల ముందు కూర్చుంది. ప్రసంగం మధ్యలో నా సంచిలో ఫోను కదిలింది. వెనక పోర్షన్ అతను. కట్ చేశాను. మళ్ళీ వచ్చింది, మళ్ళీ కట్ చేశాను. మూడోసారి చెప్పుల దగ్గరికి వచ్చి ఎత్తాను. అతను మాట్లాడుతుంటే వెనక ఎవరో నీళ్ళు నీళ్ళు అని అరవడం వినపడింది.

మేం వచ్చేసరికి సందులో వాళ్ళు తాళం పగలగొట్టి మంట చాలావరకు ఆర్పేశారు. ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయింది, అక్కణ్ణుంచి పైపు లాగారు. ఎవరికీ ఏం కాలేదు. దానికి దేవునికి ఎన్ని స్తోత్రాలు చెప్పినా తక్కువే. ముందు గది మాత్రం మిగల్లేదు. బోర్డు ఉన్నచోట గోడ నల్లగా పగిలిపోయింది. పైకప్పు సిమెంటు పెచ్చులు రాలి కింద పడ్డాయి. యూనిఫారం బట్టల తానులు మూలకు కుప్పగా పడి తడిసిన బూడిదలో పొగలు కక్కుతున్నాయి. మూడు మిషన్లూ పక్కపక్కన అలాగే ఉన్నాయి. మోటార్లు కరిగి బల్లలకు అంటుకుపోయాయి. ఆమె గుమ్మంలో నిలబడి వాటినే చూస్తోంది. ఏడవలేదు. నా వైపు తిరిగి, ఇన్సూరెన్స్ సారుకు ఫోను చేయమని చెప్పింది. మెల్లగా, నన్ను ఊరడిస్తున్నట్టు చెప్పింది.

ఏజెంటు ఫోనులో, కంపెనీ తరఫున సర్వేయర్ వచ్చి చూస్తాడని, అప్పటిదాకా దేన్నీ కదపొద్దని చెప్పాడు. తర్వాత, ఫారంలో ఏం రాశావో గుర్తుంది కదా చెల్లె అన్నాడు. గుర్తులేకపోవడమేమిటి. ఆ టిక్కు గుర్తు ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంటుంది.

మర్నాడు పొద్దున కిందికి దిగాను. వాళ్ళు లోపలి గదిలో సర్దుకున్నారు. మిషన్లు సర్వేయర్ కంట పడితే క్లెయిము రాదని ఆమెకు చెప్పాను. ఎందుకు రాదో చెప్పలేదు. "ఇద్దరికీ నష్టం" అన్నాను. ఆ 'ఇద్దరికీ' అన్న మాట నేను కావాలనే వాడాను. దాన్ని ఎక్కడ పెడితే పని చేస్తుందో నాకు తెలుసు. ఆమె భర్త వైపు చూసింది. అతను ట్రాలీ ఆటో సందులోకి వెనక్కి తెచ్చాడు. నల్లటి నీళ్ళు కారుతున్న మూడు మిషన్లనూ ఇద్దరూ కలిసి ఎక్కించారు. జవహర్‌నగర్‌లో ఆమె చెల్లెలు ఉంటుంది, అక్కడికి తీసుకుపోయారు. మా ఆయన మేడమీద నుంచి చూసి లోపలికి వెళ్ళిపోయాడు. నేను ఆ గది ఊడ్చాను. మిషన్ల కాళ్ళు ఉన్న చోట మచ్చలు పడితే వాటిని కూడా కడిగాను. పని విషయంలో నన్ను ఎవరూ వేలెత్తి చూపలేరు.

సర్వేయర్ రెండు రోజుల తర్వాత వచ్చాడు. చిన్న వయసు, మర్యాదస్తుడు. ఫోటోలు తీసుకున్నాడు. ఒక్క గదికి ఇన్ని ప్లగ్గులు ఎందుకున్నాయని అడిగాడు. కూలరు, ఇస్త్రీ పెట్టె, ఫోన్లు అన్నాను. బూడిదను చెప్పు మొనతో కదిపి, ఇంత బట్ట ఏమిటన్నాడు. ఇంట్లో బట్టలే అన్నాను. అప్పుడు ఆమె వైపు తిరిగి, ఇక్కడ ఏం చేస్తారమ్మా అని అడిగాడు.

"ఉంటం సార్" అంది ఆమె. "కిరాయికి ఉంటం."

అతను రాసుకున్నాడు. నేను కాగితాలు తేవడానికి పైకి వెళ్ళి వచ్చేసరికి అతను గేటు దగ్గర ఆమెతో ఏదో మాట్లాడుతున్నాడు. నేను రాగానే కాగితాలు తీసుకుని బండెక్కాడు. ఏమడిగాడని ఆమెను అడిగితే, బిడ్డ ఏం చదువుతోందని అడిగాడంది.

ఆ వచ్చిన ఆదివారం చర్చిలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా దగ్గర అది మామూలే. జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, రోడ్డు దాటుతూ బస్సు కింద పడబోయి తప్పించుకున్నా, లేచి నిలబడి పదిమందిలో చెప్పుకుంటాం. ఆమె లేచింది. కొంగు తల మీదికి సర్దుకుంది. ఆరోజు అందరూ మందిరంలో ఉండబట్టే ప్రాణాలు దక్కాయని చెప్పింది. కూతురు ఇంట్లో చదువుకుంటానంటే బలవంతాన వెంట తెచ్చిందట. అక్కడిదాకా అందరం స్తోత్రం, స్తోత్రం అంటూనే ఉన్నాం. తర్వాత నా వైపు చెయ్యి చూపించింది.

"మా ఓనరమ్మ, మా అక్క, ముందుగాల్నే ఇంటికి ఇన్సూరెన్స్ చేయించింది. మా సామానుకు గూడ వస్తదని మాటిచ్చింది. గసొంటి మనిషి ఇంట్ల మమ్ములను పెట్టినందుకు దేవునికి వందనాలు."

అందరూ చప్పట్లు కొట్టారు. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని కళ్ళకు అద్దుకుంది. నా ఒళ్ళో బైబిలు ఉంది, బైబిలు కవరు జేబులో ఆ పసుపు పాంప్లెట్ ఉంది. నేను తల వంచుకున్నాను. వినయమనుకుని ఉంటారు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. లేచి ఒక్క ముక్క చెబితే సరిపోయేది, ఆమెకు ఏమీ రాదు, నేనే అబద్ధమాడాను అని. పాట మొదలైంది. అందరితోపాటు లేచి పాడాను, రెండు చరణాలూ.

క్లెయిము వచ్చింది. అనుకున్నదానికంటే తొందరగా, అనుకున్నంతా వచ్చింది. గోడ కట్టించాం, కప్పు ప్లాస్టరు చేయించాం, కొత్త వైరింగు, కొత్త కిటికీ. ఆ గది పనికిరాని రెండు నెలలకు ఆగిన కిరాయి కూడా కంపెనీ ఇచ్చింది. ఆ రెండు నెలలూ కిరాయి ఇవ్వొద్దని నేను వాళ్ళకు చెప్పాను. ఎంత మంచిదానివి అక్కా అంది ఆమె. కంపెనీ నాకిస్తోందని చెప్పలేదు. చెప్పుంటే ఆ మంచితనం నాకు దక్కేది కాదు.

ఆమె మల్లాపూర్‌లో ఇంకొకరి దగ్గర పీసు లెక్కన కుట్టడానికి పోవడం మొదలుపెట్టింది. తన దగ్గర పనిచేసిన ఇద్దరు ఆడవాళ్ళూ అక్కడే కుట్టేవారు. ఇక ముగ్గురూ ఒకే వరసలో, ఒకే కూలికి. కాలిపోయిన యూనిఫారం బట్ట బడి కాంట్రాక్టరుది. దాని బాకీ నెలనెలా తీరుస్తున్నారు. కూతురు కాలేజీ మానేసి ఒక బట్టల షాపులో చేరింది. ఒక ఏడాదికే అన్నారు, మళ్ళీ చేరుతుందన్నారు. పొద్దున ఆ పిల్ల షాపు యూనిఫారం చొక్కా వేసుకుని షేర్ ఆటో కోసం సందు చివర నిలబడితే, నేను ఐదు నిమిషాలు ఆగి బయల్దేరేదాన్ని. ఎదురుపడితే నమస్తే ఆంటీ అంటుంది. అది నేను తట్టుకోలేకపోయాను.

ఒక సెకండ్‌హ్యాండ్ మిషన్ కొనిచ్చాను. ఉప్పల్‌లో తిరిగి తిరిగి, మంచిది చూసి తెచ్చాను. దేవుడిచ్చాడనుకో అన్నాను. ఆమె తీసుకుంది. థాంక్స్ చెప్పింది, మల్లాపూర్ పని మానేసి మళ్ళీ ఇంట్లోనే కుట్టడం మొదలుపెట్టింది. మిగతా రెండింటి సంగతి, ఇన్సూరెన్స్ సంగతి ఒక్కరోజు కూడా అడగలేదు. ఎప్పుడొస్తాయని అడుగుతుందేమోనని నెలల తరబడి ఎదురుచూశాను. మెట్ల మీద అడుగుల చప్పుడైతే జవాబు సిద్ధం చేసుకునేదాన్ని. కంపెనీ వాళ్ళు ఇంకా చూస్తున్నారంట, ఏవో బిల్లులు కావాలంట. ఎన్ని అబద్ధాలు తయారు చేసుకున్నానో. ఒక్కటి కూడా వాడే అవసరం రాలేదు. ఆమె అంత నమ్మకంగా ఉందే అని నాకు ఇంకా బాధయ్యేది.

పాలసీ మళ్ళీ కట్టే రోజు వచ్చింది. ఏజెంటు అదే హోటల్లో పాత ఫారమే ముందు పెట్టబోయాడు. నేను వద్దన్నాను. కింద ముందు గదిలో కుట్టు పని ఉందని, మోటారు ఉందని, అన్నీ ఉన్నట్టు రాసే ఫారం ఇవ్వమన్నాను. ఎక్కువ కట్టాల్సి వస్తే కడతాను, మీటరు మారిస్తే మార్చనీ. ఆయన నా మొహంలోకి చూశాడు. కొత్త ఫారం తీశాడు. ఆమె సామానుకు ఆమె పేరు మీద విడిగా చేయాలంటే ఆమె సంతకం కావాలని గుర్తు చేశాడు. ఈసారి పాంప్లెట్ ఇవ్వలేదు, నేరుగా ఫారమే ఇచ్చాడు.

అంటే ఇక చెప్పక తప్పదు. ఈ కాగితం ఇప్పుడెందుకు, మాది అప్పుడే అయింది కదా అని ఆమె అడిగితే ఏం చెప్పాలి? ఆ శనివారం సెలవు పెట్టాను. పొద్దున పదింటికి కిందికి దిగాను. కొత్త గోడకు ఇంకా సున్నం వాసన వస్తోంది. ఆమె నేనిచ్చిన మిషన్ మీద బైబిలు కవరుకు జిప్పు వేస్తోంది. స్టూలు జరిపి కూర్చోమంది. నేను కూర్చోలేదు. కూర్చుంటే మాట మారుస్తానని నాకు తెలుసు.

"నీ మిషన్లకు పైసలు రావు" అన్నాను. "మొదట్నించి రావు. నీ సామాను దాంట్ల లేదు. నాకు ఎరుకుండే నీకు అబద్ధం జెప్పిన. నీకు వేరే పాలసీ ఉంటదని ఏజెంటన్న కాగితం గూడ ఇచ్చిండు, నేనే దాచిన."

ఒక్క ఊపిరిలో చెప్పేశాను. మిషన్ ఆగింది. ఆమె దారం తెంపి, కవరు తిప్పి చూసుకుని, పక్కన పెట్టింది. తిడుతుందేమోననుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

"ఎరుకే అక్కా" అంది. "ఫోటోలు దీసిన సారు గేటుకాడ చెప్పిండు. మీ సామాన్లకు పాలసీ లేదామ్మా, దీంట్ల మీకేం రాదు అన్నడు."

నాకు వెంటనే అర్థం కాలేదు. సర్వేయర్ వచ్చింది బుధవారం. ఆమె చర్చిలో లేచి చెప్పింది ఆ తర్వాతి ఆదివారం. అన్నీ తెలిసి, పదిమందిలో నా వైపు చెయ్యి చూపించి, అంతమాట చెప్పిందా? మరి చర్చిలో ఎందుకట్ల చెప్పినవు అని అడిగాను.

"అందరి ముందల నిన్ను మంచిగ జెప్తె, మమ్ములను ఖాళీ జెయ్యమనవని జెప్పిన" అంది. కోపంగా అనలేదు, కూర ధర చెప్పినట్టు చెప్పింది. "మిషన్లు పెట్టుకోనిచ్చే పోర్షన్ ఏడ దొరుకుతది అక్కా. బిడ్డ ఉన్నది. పైసల సంగతి అడిగితె పొమ్మంటవని అది గూడ అడగలే."

నేనెందుకు పొమ్మంటాను, అట్లెట్ల అనుకున్నవు అని ఎవరైనా అనాల్సిన చోటు అది. నాకు ఆ మాట అనే హక్కు లేదు. ఎందుకంటే మంట ఆరిన రోజు, ఫైరింజను వెళ్ళిపోయాక, పైకొచ్చి బూడిద కాళ్ళు కడుక్కుంటూ మా ఆయనతో నేనన్న మొదటి మాట అదే. సర్వేయర్ వచ్చేలోపు వీళ్ళను ఖాళీ చేయిద్దాం అన్నాను. కాలిపోయిన ఇంట్లోంచి పంపిస్తే చర్చిలో ఏమనుకుంటారని ఆయన అన్నాడు. అందుకని ఆగాను, ఇంకెందుకూ కాదు. ఆ సంగతి మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియదు. ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆరేళ్ళు నా కింద ఉండి, నన్ను చూసి, ఆమె తనంతట తనే తెలుసుకుంది.

ఆమె నా చేతిలో ఉన్న ఫారం వైపు చూసింది. ఇది నీ పేరు మీద, నీ మిషన్‌కు, అని మాత్రం అనగలిగాను. చెయ్యి చాచి తీసుకుంది. కవర్ల కుప్ప పక్కకు జరిపి, బల్ల మీద పరిచింది.

"ఏడ బెట్టాలె సంతకం?" అంది.

ముందు చదువుకో అన్నాను.